వాసెన కాగితాలు

పెట్టె ఒక్కటే. మూత తీస్తే పాత గోడల వాసన.
ఎలిఫలెట్ థ్రాల్, న్యాయశాస్త్ర ఆచార్యుడు,
ముప్పై ఏళ్ల గొంతుకి ఇక మిగిలిందిది:
మూడు కట్టల ఉపన్యాసాలు,
కొవ్వొత్తుల బాకీ చీటీ,
పన్ను పీకినందుకు మంగలికిచ్చిన రశీదు,
ఇంకా, ఏ జాబితాకీ ఎక్కని
పదకొండు గుండ్రటి కాగితాలు.

కనెక్టికట్‌లో ఆ ఊరికి అప్పట్లో
ఒక చర్చి, ఒక కొలిమి,
ఆయన ఇంటి పక్కన ఒక చెక్క గది.
అందులో పధ్నాలుగు మంది కుర్రాళ్లు
సిరా గడ్డకట్టకుండా
బుడ్డీలు చంకలో పెట్టుకుని
చట్టం రాసుకునేవారు.

ఆయన రాత చీమల బారు.
హద్దు గురించి చెప్పేటప్పుడు
అంచున ఒక గీత గీసి మరీ చెబుతాడు.
తాకట్టు, సాక్ష్యం, వీలునామా
ఒక్కోటీ విప్పి, దులిపి, మళ్లీ మడతపెడతాడు.
దగ్గు వచ్చినచోట కూడా వాక్యం తెగదు.

ఇరవై మూడో ఉపన్యాసం దగ్గర నా చెయ్యి ఆగింది.
పుట నడుమ అరచేయంత సున్నా.
ఎలుక ఇంత గుండ్రంగా కొరకదు.
ఎవరో గిన్నె బోర్లించి
చుట్టూ గీసి
కత్తెర తిప్పారు.

పదకొండు బిళ్లల్లో ఐదోది తెచ్చి పెట్టాను.
అతికింది.
భార్య అన్న మాట సగం పుటలో, సగం బిళ్లలో.

*పెళ్లినాటి నుంచి ఆమె వేరుగా లేదు.
ఆమె పేర ఆస్తి నిలవదు, అప్పు పుట్టదు,
ఆమె సంతకం చెల్లదు.*

బిళ్ల తిరగేశాను.
అంచున దారం బిగించిన చాలు,
పంచదార కట్టిన గోధుమరంగు మరక,
వేరే చేతిరాత, పెద్ద పెద్ద అక్షరాలు:
*క్విన్సు పండ్లు. తీపి తక్కువ. 1822.*

ఆవిడ పేరు సబ్మిట్.
లోబడి ఉండు అని.
ఆడపిల్లకి అలా పెట్టేవారట ఆ రోజుల్లో,
ఉయ్యాల్లోనే తీర్పు చెప్పేసినట్టు.

ఆయన పోయాక ఇల్లు మేనల్లుడిది.
ఆవిడకి బతికినన్నాళ్లూ మూడో వంతు:
ఉత్తరపు గది, వంటింట్లో ఒక పొయ్యి,
బావికి దారి, మెట్ల మీద నడిచే హక్కు.
కోర్టువారు కొలిచి రాసిచ్చారు.
ఆ మూడో వంతులోకే, పిండి పీపాలో పడి,
ఈ కట్టలు చేరాయి.
మిగతా రెండు వంతులూ
ఆయన బల్లతో, పుస్తకాలతో
ఒక జనవరి రాత్రి కాలిపోయాయి.

కసితో కోసిందా? చేతికందింది కోసిందా?
మిగతా బిళ్లలు వెతికాను.
ఒకటి చేపల వేట హక్కుల్లోంచి,
ఒకటి పారిపోయిన పశువుల్లోంచి.
సాక్ష్యం చాలదు అంటాడు ఆయనే, పదకొండో పుటలో.

వెనకవైపులే వరసపెట్టి చదివాను.
*ప్లమ్. చుట్టాలకి కాదు.*
*కొంచెం అడుగంటింది. వాన చూస్తూ కూర్చున్నాను.*
*మంచిది. చాలా మంచిది.*
*డీకన్ పెక్ భార్యకి నాలుగు జాడీలు ఇచ్చాను.
జాడీలు తిరిగి రాలేదు.*

మరకలు తుడిచెయ్యమంటాయి మా నిబంధనలు,
చీమలు పడతాయని.
పదింటిని తుడిచాను.
ఐదోదాని అంచు మీద వేలు తడిచేసి అద్ది,
తలుపు వైపు ఒకసారి చూసి,
నాలిక్కి రాసుకున్నాను.
ఏ తీపీ లేదు. దుమ్ము.
తీపి తక్కువ అని ముందే రాసింది కదా.

జాబితాలో కర్త అని ఒకటే గడి ఉంది.
దాని ముందు చాలాసేపు కూర్చుని
చివరికి ఇద్దరి పేర్లూ ఇరికించాను,
అక్షరాలు గడి దాటి పక్కకి పొర్లాయి.

ఇక ఆ నాలుగు జాడీలు.
రెండు వందల ఏళ్ల బాకీ,
కాలదోషం పట్టిందంటుంది తొమ్మిదో ఉపన్యాసం,
తిరుగులేని చీమల బారులో.
కావచ్చు.
వివరాల కింద పెన్సిల్‌తో రాసి పెట్టాను:
పెక్ కుటుంబం నుంచి
రావలసినవి, నాలుగు.